ఆఖరి వరస, కిటికీ పక్కన

పల్లవరంలో మా మేడ మీద బట్టలారేస్తుంటే
తల మీంచి ఒకటి పోతుంది, ఐదు నిమిషాలకొకటి.
కనకవల్లి తలెత్తదు. నేనెత్తుతాను.
చక్రాలు అప్పటికే మడిచేసుకుని
పనున్నవాడిలా పోతుంది అది.
త్రిశూలం కొండ మాత్రం
అరిగిన దవడపన్నులా అక్కడే ఉంది.

నేను విమానమెక్కింది నా డబ్బుతో కాదు.
కోడంబాకం ల్యాబులో తెల్లారగట్ల ప్రింటు తడారేది.
పదహారు రీళ్లు, నాలుగు రేకు పెట్టెలు.
బెజవాడలో ఆ రోజే ఆట.
మునిరత్నం గారు టికెట్టు నా జేబులో కుక్కి
"నిద్రపోకు, వాటి తర్వాతే నువ్వు" అనేవారు.
మీనంబాకంలో కాటా మీద
పెట్టెలు యాభై ఒకటి, నేను నలభై ఎనిమిది.
"పెట్టెలే ప్యాసింజరు, సారు లగేజీ" అని
లోడరు ఏళుమలై తమిళంలో నవ్వేవాడు.

అప్పట్లో విమానం దగ్గరికి నడిచి వెళ్లాలి.
ఎండకి మెత్తబడ్డ తారు, కిరసనాయిలు వాసన,
గ్యాలరీ కమ్మీల వెనక
టికెట్టు కొనుక్కుని మరీ చేతులూపే జనం.
ఎవరికోసమో ఊపుతుంటే నేనూ ఊపేవాణ్ణి.
నాకెవరూ రాలేదని వాళ్లకేం తెలుసు.

ఫోకర్ ఫ్రెండ్‌షిప్:
గంప నెత్తికెత్తుకున్న మనిషిలా
రెక్కలు పైన పెట్టుకుని నిలబడేది.
ముందు ఒక పంకా దగ్గి, గుర్రుమని,
తిరిగి తిరిగి కనపడకుండా పోయేది.
తర్వాత రెండోది.
డాఫ్నీ పళ్లెం పట్టుకొచ్చేది,
పిప్పరమెంట్లు, చెవులకి దూది.
మొదటిసారి నేను దూది తినేశానని
కనకవల్లి ఇప్పటికీ అందరికీ చెబుతుంది.
అబద్ధం.
పిప్పరమెంటు చెవిలో పెట్టుకోబోయాను, అంతే.

పులికాట్ దాటాక ముందునుంచి ఒక చీటీ బయల్దేరేది,
కెప్టెను పెన్సిలుతో రాసింది:
ఎత్తు ఇంత, వేగం ఇంత,
ఎడమ చేతివైపు ఇప్పుడు నెల్లూరు.
పెళ్లిలో అక్షింతల పళ్లెంలా
ఒక చేతినుంచి ఇంకో చేతికి, వరస తర్వాత వరస,
ఒకరి కాఫీ మరక, ఒకరి నశ్యం పట్టిన వేలిముద్ర.
ఆఖరి వరస నాది.
నా తర్వాత అందుకునేవాళ్లు లేరు కాబట్టి
మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి.

ఒక కార్తీక మాసం, వాయుగుండం.
నెల్లూరు లేదు, ఎడమ చెయ్యే లేదు, అంతా బూడిద.
విమానం మెట్లు తప్పి పడుతున్నట్టు పడుతోంది,
వెనకాల నా పెట్టెలు గోడకి గుద్దుకుంటున్నాయి.
డాఫ్నీ నా పక్క ఖాళీ సీట్లో కూలబడి బెల్టు బిగించుకుంది.
ఆ రోజు చీటీ రాలేదు.
జేబులో పాతదుంటే తీసి ఇచ్చాను.
బయటికే చదివింది:
పదకొండు వేల అడుగులు. వాతావరణం బాగుంది.
మళ్లీ చదివింది.
దిగేదాకా ఇద్దరం దాన్నే నమ్ముకున్నాం.

గన్నవరంలో మబ్బు చిరిగి,
ఇసకలో ఎవరో వార్చిన గంజిలా కృష్ణ కనపడింది.
రెక్క కిందనుంచి చక్రం
నిద్రలో పసివాడు కాలు చాపినట్టు చాపింది.
నేలకి తగిలి ఒక్క చిటికెడు పొగ.
నేను చూశాను. నా కిటికీలోంచే.

ఆ సినిమా మూడు రోజులాడింది.

మొన్న హైదరాబాదు వెళ్లాను, నా డబ్బుతోనే.
గాజు గొట్టంలోంచి నడిపించుకుపోయారు,
ఎక్కిన విమానం మొహమైనా చూళ్లేదు.
ఎదుటి తెర మీద ఎత్తు అంకె మారుతూనే ఉంది.
పక్కనున్న కుర్రాడు చెవులు మూసుకుని పడుకున్నాడు.
అతనికి అందించడానికి నా చేతిలో ఏమీ లేదు.
సాఫీగా దిగాం. అంత సాఫీగా
ఎప్పుడు నేల తగిలిందో తెలియనే లేదు.

రీలు డబ్బా ఒకటి నా దగ్గర మిగిలిపోయింది.
అందులో తొమ్మిది చీటీలు.
పెన్సిలు వెలిసిపోయి, ఒకదాంట్లో
"ఎడమ చేతివైపు ఇప్పుడు" వరకే ఉంది.

మళ్లీ ఒకటి వస్తోంది, కొండ మీదుగా.
"ఆకాశం తర్వాత చూద్దువుగాని
క్లిప్పులందించు" అంటోంది కనకవల్లి,
ఎడమ చెయ్యి చాపి.