వేలి కణుపు

మద్రాసు బస్టాండు టీకొట్టు దగ్గర
ఖాదర్ మస్తాన్ మేస్త్రి అడిగిన మొదటి మాట:
"చెప్పులు గట్టియేనా పాపా?"

నా సంచీలో కెమెరా, లేజరు కొలబద్ద,
ఆఫీసులో అచ్చు తీసుకున్న నెల్లూరు మ్యాపు.
ఆయన దగ్గర కుడిచేతి చూపుడువేలు,
గోడల్ని తట్టీ తట్టీ
చింతగింజలా నునుపెక్కిన
దాని నడిమి కణుపు.

ట్రంకురోడ్డు ఇంకా షట్టర్లెత్తలేదు.
ఫ్లెక్సీల వెనక, బంగారం కొట్టు పిల్ల బుగ్గ వెనక
ఒక పాత మిద్దె కిటికీ అరకన్ను తెరిచి చూస్తోంది.
నుదుటి మీద 1931,
మూడు మీద పావురం.
నేను ఫొటో తీసేలోగా
ఆయన పక్కసందులోకి పోయి గోడ తట్టాడు.
"ఇన్నావా?"
వినలేదు.
మళ్ళీ తట్టాడు.
నీళ్ళు నిండిన కుండ మీద వేలు పడ్డట్టు
లోపల్నించి ఒక నిండు మాట.
"గానుగ సున్నం. మాగబెట్టి మాగబెట్టి పూసుంటారు.
కోడిగుడ్లు పోశారంటారు గానీ
యాడియ్యా అన్ని గుడ్లు?
బెల్లంనీళ్ళు, కరక్కాయ.
నోటికి వగరు, గోడకి బలం."

చిన్నబజారులో
చెక్క కమాను కింద సెల్‌ఫోన్ తొడుగులు వేలాడుతున్నాయి.
అరుగు ఊడ్చే ఆమె చీపురాపి అడిగింది:
"కొనేదానికొచ్చారా?"
చూసేదానికి, అన్నాను.
"చూసేదానికేముందీడ!
వానొస్తే మూడు బిందెలు పెట్టాల,
ఒకటి మంచం మీద."
మేస్త్రి సందంతా మోగేట్టు నవ్వాడు.
"ఫొటోలో ఇల్లు కారదు పాపా."

రంగనాయకులపేటలో గాలిగోపురం.
నేను పైకి, పైపైకి చూస్తుంటే
ఆయన మెడ ఎత్తనేలేదు.
"పోనుపోను సన్నబడేది మీ కంప్యూటర్లో ఉందా?"
ఉంది.
"యాడ ఆపాలో, అదీ ఉందా?"

పెన్న ఒడ్డున కూచుని పొట్లం దోసె తిన్నాం.
ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వదిలాడు.
ఈ ఊళ్ళో ఏ గోడ గీరినా రాలేది ఇదేనట.
సగం నది ఇక్కడ పడుకోనుంది,
సగం ఊళ్ళో నిలబడుంది, అన్నాడు.
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మాగుంట లేఔటుకొచ్చేసరికి ఎండ.
ఆరంతస్తుల నీలి అద్దం, వెండి రేకు.
తట్టాడు. డబడబ.
"ఎవురూ లేరు లోపల."
వాచ్‌మన్ విజిలేశాడు.
ఆ ముఖం గీసింది మా ఆఫీసే.
ఆ వెండి రంగు ఎంచింది నేనే.
చెప్పలేదు.

అరవై తలుపుల ఊరంతా తిప్పి
ఆయన చివరికి చూపించింది
దర్గామిట్ట ఆసుపత్రిలో ఒక ర్యాంపు.
బూడిదరంగు, పక్కన గొట్టం కమ్మీ, అంతే.
"పన్నెండడుగులు పోతే ఒకడుగు లేవాల.
ఎనిమిదికి ఒకటి చాల్లే అన్నాడు కాంట్రాక్టరు.
నేను రెండు దినాలు పనికి పోలా.
మూడోనాడు మనిషిని పంపాడు."

ఒక కుర్రాడు జేజిని చక్రాల కుర్చీలో
ఒంటిచేత్తో నెట్టుకుపోతున్నాడు,
రెండో చేతిలో సగం తిన్న అరటిపండు.
ఆగలేదు, ఊపిరి పీల్చుకోలేదు,
తామెక్కింది ఎత్తని ఇద్దరికీ తెలియలేదు.

"తీసుకో ఫొటో" అన్నాడు.
కెమెరా ఎత్తాను, దించాను.
తెరలో ఒట్టి నేల కనిపించింది.
వంగి నా కణుపుతో రెండుసార్లు తట్టాను.
ఏం పలికిందో గాని,
నొప్పి పుట్టింది.
"అట్టగాదు" అంటూ
పక్కనే చతికిలబడ్డాడు.