ఘర్షణ పాఠానికి ప్రశ్నాపత్రం

నర్సంపేటల ఎక్కితే కిటికి పక్క సీటు దొరికింది.
ఒళ్లో తెల్లకాయితం, దాని నెత్తిన ఇరవై మార్కులు.
పొద్దున ఎనిమిదో తరగతికి పరీక్ష.
గిర్నిబావి వచ్చేసరికి
ఒక్క ప్రశ్నన్నా పడాలె.

బిట్లు ఇస్తే?
దిద్దుడు తేలిక,
చాయ చల్లారకముందే నలభై రెండు పేపర్లు అయిపోతయి.
పోయినసారి మనితేజ అన్నిటికీ 'సి' పెట్టి
పదికి ఆరు తెచ్చుకున్నడు.
ఎట్ల తెలిసిందిరా అంటే
"మీకు సి అంటే ఇష్టం కద టీచర్."
వాడు చదివింది పాఠం కాదు, నన్ను.
ఆ రాత్రి నా పాత పేపర్లన్నీ ముందటేసుకున్న.
నిజమే.

కోప్పడదామంటే నోరు రాలే.
ఈ కొలువు నాకు గుండ్రాలు దిద్దితేనే వచ్చింది.
ఆఖరి నిమిషంల ఒక గుండ్రం
కళ్లు మూసుకొని నల్లగ చేసిన.
కటాఫ్ మీద నాకు మిగిలింది ఒక్క మార్కే.

వ్యాసం అడిగితే?
అక్షయ రెండు పేజీలు నింపుతది, మార్జిను దాటదు.
మొన్న "పై పటంలో చూపినట్లు" అని ఎత్తుకున్నది.
పైన పటం లేదు.
పైన తన పేరు, రోల్ నంబరు,
ఇంకా పైన తిరగని ఫ్యాను.
పటం గైడులనే ఉండిపోయింది,
మాటలొక్కటే నడిచొచ్చినయి.
అయినా పూర్తి మార్కులేసిన.
అక్షరాలు అంత ముద్దుగుంటే
చెయ్యి అట్లనే జారుతది.

నోటితోని అడిగితే?
అడిగిన గద శుక్రవారం.
కీర్తన లేచి చున్నీ కొస
వేలికి చుట్టింది, విప్పింది, మళ్ల చుట్టింది.
ఇంట్ల లంబాడీ, బడిల తెలుగు,
పుస్తకంల 'స్థైతిక ఘర్షణ'.
జవాబు మూడు గడపలు దాటి రావాలె.
రెండో గడప కాడ ఉండంగనే
"కూర్చో" అన్న.

అదే పిల్ల పగటి అన్నం గంటల
క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుతున్నది.
దోస్తు గుప్పెడు పోస్తే చెయ్యి పట్టి ఆపింది,
లంబాడీల ఏదో అన్నది, నాకు తెల్వలే.
ఎక్కువైన పొడి అరచేత్తోని తుడిచి
స్ట్రైకర్ కొట్టింది.
కాయిన్ ఆగాలనుకున్న కాడనే ఆగింది.
దానికి ఎన్ని మార్కులు?
ఫోనుల గడి అంకె తప్ప ఇంకేం తీసుకోదు.

ధర్మారం కాడ మేకలు అడ్డమొచ్చినయి.
డ్రైవరు బ్రేకు తొక్కిండు,
నా పెన్ను కాయితం పొడుగునా
వంకర గీత గీసి కిందపడ్డది.
ఆ గీత కిందనే రాసిన:

ఒకటి. నాటుకు దున్నేటప్పుడు ట్రాక్టరుకు
ఇనుప చక్రాలు ఎందుకు వేస్తరు?
మీ ఇంట్ల మాట్లాడే భాషల రాయండి.
రెండు. పటం మీరే గీయండి. గైడుల లేనిది.
మూడు. ఇటుకను ఇసుక మీద, బండ మీద
కొక్కెం త్రాసుతోని గుంజి చూడండి.

బడిల త్రాసు ఒక్కటే ఉన్నది, కొక్కెం వంగిపోయింది.
తెలుగు అక్షరాలల్ల లంబాడీ రాస్తే దిద్దేదెవరు?
సోషల్ చెప్పే బానోత్ సార్‌ను అడగాలె.
అడుగుతే నవ్వుతడు,
"నువ్వే నేర్చుకో మేడమ్, పరీక్ష నేను పెడ్త" అంటడు.

వరంగల్ చౌరస్తా వచ్చింది.
కూడి చూసిన: పద్నాలుగు.
ఇంకా ఆరు మార్కులు
ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు.