గాలికి గట్లు

దోహాల, ఇరవై మూడో అంతస్తుల
కాగితాలకు బొక్కలు పొడిచి దారం కట్టుడు నా పని.
ఈ వారం పద్నాలుగు సంపుటాలు,
రెండు కంపెనీల గట్టు పంచాయితీ.
పొలం ఎక్కడున్నదని అడిగిన.
గాలిలో, అన్నది లెబనాన్ వకీలమ్మ, నవ్వకుండనే.

ఏడో సంపుటంల నా అసుంటి ఫోను బొమ్మ.
ఒక్కో అవయవానికి ఒక బాణం, ఒక అంకె.
గుండెకాయకు నూట నాలుగు.

"కనీసం ఒక ఆంటెన్నా" అని రాసుకున్నరు ఒకరు.
కనీసమంటే ఎందాక?
ఆ ఒక్క మాట మీద నాలుగు వందల పేజీలు.
మా దిక్కు నాగలి ఒక చాలు ఎక్కువ దున్నితే
కట్టె విరిగేది.
ఇక్కడ మాట సాగుతది.

బుధవారం పొద్దుగూకంగ రాజీ అయింది:
నీ గట్టు నేను దాటితే నువ్వడగొద్దు,
నా గట్టు నువ్వు దాటితే నేనడగ.
తక్కెడ ఎటు మొగ్గితే అటు కొన్ని డాలర్లు.
చేబదులే, సంతకాలతోని.
నేను కట్టిన పద్నాలుగింటిని
ఎవ్వలూ విప్పలే.
ముక్కలు చేసే మిషన్ల నేనే వేసిన.

రాత్రి రూముల గంగనర్సుకు చెప్పిన.
టవర్లెక్కుతడు.
తీగల కీలు కాడ ఇసుక దూరకుండ
టేపు కింద పాత సాక్సు ముక్క చుట్టుడు
వాడు కనిపెట్టిందే.
ఇప్పుడు అల్ ఖోర్ నుంచి దుఖాన్ దాక
ఏ కంపెనీ టవర్ చూసినా అదే చుట్టు.

"మరి నీకేమిచ్చిన్రు?"
"నేపాలోడొకడు తాడుముడి నేర్పిండు" అన్నడు,
సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి
కిటికీ కాడ ఒంటికాలి మీద నిలబడి.