గీత ఎక్కడ గీయాలి

బోర్డు మీద ఒక అల గీశాను,
ఈ చివర నుంచి ఆ చివరికి, సుద్ద ఎత్తకుండా.
ఇది ఆంపర్‌ఫే అన్నాను.
ఉండేది, వెళ్లేవాళ్లం, వలలు బాగుచేసేవాడు:
మొదలెప్పుడో చివరెప్పుడో అడగకూడని గతం.
ఆ అల మీద నిలువుగా ఒక్క గీత కొట్టాను.
సుద్ద విరిగింది.
ఇది పాసే కొంపోజే.
విరిగింది, చూశారుగా, అదే.

ముప్పై ఎనిమిది మంది, బెంచీకి ముగ్గురు.
కేటాలో ఇటు ఉప్పునీటి మడుగు, అటు సముద్రం,
మధ్య చాప పరిచినంత ఇసుక మీద మా బడి.
ఇది పాత బడి కాదు.
పాత బడి ఎక్కడుండేదో వేలితో చూపిస్తే
వేలు నీళ్ల మీదికి పోతుంది.

పాఠ్యపుస్తకంలో మంచు కురుస్తోంది,
పియేర్ స్నానాల తొట్టిలో పడుకుని ఉన్నాడు,
ఫోను మోగింది.
వొర్లాన్యో చెయ్యెత్తాడు:
"మేడమ్, ఫోను తడవలేదా?"
అందరూ పడీపడీ నవ్వుతుండగా
తలుపు తెరుచుకుంది, హెడ్‌మాస్టరు తొంగిచూశారు.
ఆయన వెళ్లాక అన్నాను,
రెండు కాలాలూ ఇప్పుడే మన గదిలోకి వచ్చి వెళ్లాయని.

పియేర్‌ని తొట్టిలోనే వదిలేశాం.
మీ కథ మీరే రాయండి, పది వాక్యాలు,
"నా చిన్నప్పుడు" అని మొదలెట్టి
"ఒకరోజు" అని మలుపు తిప్పండి.

యాయ్రా లోమేలో పెద్దమ్మ కొట్టు గురించి రాసింది.
సరిహద్దు దాటి వెళ్లేది, గుడ్డలు మడతపెట్టేది,
ఒకరోజు ఒక సిపాయి బుట్ట తన్నాడు.
పదికి తొమ్మిది.
బజారులో బేరమాడి నేర్చిన ఆ పిల్ల ఫ్రెంచి
కాలేజీలో నేర్చిన నా ఫ్రెంచి కన్నా గట్టిది.

డెలాలి కాగితం దగ్గర ఎర్ర పెన్ను ఆగింది.
మా అవ్వ ఇల్లు ఉండేది.
సముద్రం వస్తుండేది.
సముద్రం వంటిల్లు తీసుకెళ్తుండేది.
సముద్రం గోడ తీసుకెళ్తుండేది.
పదికి పదీ ఆంపర్‌ఫేలోనే,
ఒక్క నిలువు గీత లేదు.

పిలిచి అడిగాను:
వంటిల్లు రోజూ పోతుందా అమ్మాయ్,
పోతే ఒక్కసారే కదా?

"ఒక్కసారి కాదు మేడమ్,"
అంది, ఈసారి మా ఎవే భాషలో.
"ముందు ఉల్లి మడులు తెల్లబడ్డాయి.
మరుసటేడు బావి ఉప్పైంది.
మూడు మెట్లుండేవి, రెండయ్యాయి.
అవ్వ మంచాన్ని గదిలోంచి గదిలోకి
జరుపుతుండేది, జరుపుతుండేది,
ఇక గది లేదు.
పదకొండేళ్లు పట్టింది.
నేను పుట్టకముందే మొదలైంది.
గీత ఎక్కడ గీయమంటారు?"

నాకు తెలిసిన జవాబు ఒక్కటే:
పేపర్లు దిద్దేవాళ్లు సముద్రానికి దూరంగా ఉంటారు.
ఒక్క వాక్యమైనా మార్చమ్మా అన్నాను.

పెన్ను కొరుక్కుంటూ రాసింది:
లా మేర్ ఎ వెన్యూ.
సముద్రం వచ్చింది.
చివర ఒక ఈ తగిలించాలి అన్నాను,
పలకదు, కానీ ఉండాలి.
సముద్రం ఆడది.
"ఎవరన్నారు?"
ఫ్రెంచివాళ్లు.
"వాళ్ల ఇల్లేమైనా పోయిందా?"
అంటూనే ఆ అక్షరాన్ని ఇరికించింది,
ట్రోట్రోలో ఆఖరి సీటు దొరికిన మనిషిలా
ఒంటిపక్కకి, ఒదిగి.

సాయంత్రం మార్కుల పుస్తకంలో
ఆరు వేశాను, పెన్సిలుతో.
కాసేపటికి ఏడు చేశాను.
ఏడు పక్కన ఏం రాయాలో తోచక
ఆ పిల్ల వాక్యాలు పైకే చదివాను, ఖాళీ గదిలో,
వస్తుండేది, వస్తుండేది,
గోడ అవతల అది వస్తూనే ఉంది.

బుధవారం భవిష్యత్ కాలం మొదలెట్టాలి.
ఉదాహరణలకి ఇంకా వెతుకుతున్నాను.