టెంకపురుగు

జూన్ నెల. చిత్తూరు బయట మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
గుడిపాల రోడ్డు పొడవునా
తోతాపురి ట్రాక్టర్లు వరస కట్టినాయి.
ఈగల రొద చొరబడని అద్దాల గదిలో
నేను, సర్వరు, దగ్గే ఏసీ ఒకటి.

రాత్రి రెండుకి నిద్ర పట్టక
ఈ మిషన్‌ని కాపలా కాసే కోడు చదవతా ఉంటి.
ఎవురు రాసినారబ్బా అని మొదటికంటా పోతే
సముద్రాల అవతలి వేగుల ఆఫీసు పేరు.
లోకం ఉత్తరాలన్నీ ఆవిరి పట్టి విప్పేవాళ్లు!
దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారే,
ఇక్కడ దొంగే తాళం చేసి
ఊరూరా ఉత్తపుణ్యానికి పంచినాడు.

బయటికొచ్చి మొగిలమ్మ పక్కన నిలబడినా.
గంపకొక కాయ తీసి
టెంకతో సహా రెండు చెక్కలు చేస్తాది ఆమె.
"పిందెలోనే దూరతాది నాయనా పురుగు.
గాటు మానిపోతాది. పైకి కాయ నున్నగా ఉంటాది,
బుగ్గ గిల్లాలనిపిస్తాది."
"ఈ లోడు ఎవురి తోటది?"
"ఎవురిదైతే ఏమి?
మా అన్న తోటదైనా కోసినాకనే తూకం."

గదిలోకి పోయి నేనూ కోయను మొదలుపెట్టినా,
వరస వెనక వరస.
నాకన్నా ముందే ఎవురెవురో కోసినారు.
మంచుదేశం పిల్లోడొకడు, కోయంబత్తూరు అమ్మాయొకతి,
పేరుకు బదులు అంకెలు పెట్టుకున్న మనిషొకడు
తప్పు పట్టి, దిద్ది, తేదీ వేసి పోయినారు.
ఓనరైనా సరే, చీటీ లేంది
గడప దాటనీని కాపలా అది.
పురుగు కనపళ్లేదు.
లేదని కాదు. నా కత్తికి తగల్లేదు, అంతే.

తెల్లారేముందు వేరేదొకటి తగిలింది.
కాపలా నిద్రపోతా ఉండాది.
పోయిన సీజన్లో
వేబ్రిడ్జి ప్రింటరు చీటీ కక్కడం లేదని
రైతులు కేకలేస్తా ఉంటే
ఒక్క మాట మార్చి దాన్ని జోకొట్టింది
ఏ దేశం వేగూ కాదు.
తేదీ పక్కన, పొట్టి అక్షరాల్లో, నా పేరే.

లేపినా.
లేస్తానే మొదట ఆపింది నన్నే.
ప్రింటరు మళ్లీ మూగబోయింది.
గేటు కాడ హారను మీద హారను,
"చీటీ ఏదబ్బో, కాయ మాగిపోతా ఉండాది!"

ఉండన్నా,
కోస్తా ఉండా.