చుక్కల రాయి

వచ్చి నలభై ఒక్క రోజు.
అక్కడ ఐదింటికి లేచే ఒళ్లు
ఇక్కడ ఏడున్నరకు గానీ లేవదు.
కువైట్ గడియారం ఇంకా కడుపులోనే ఉండాది.
"మేడమ్ గారు లేచినారు" అంటాది మా తోడికోడలు పెంచలమ్మ
చాటలో బియ్యం ఎగరేస్తా.
నవ్వుతాను. నవ్వక ఏం చేసేది.

ఆ ఇంట్లో మొదటి పొద్దున
వంటగదిలో లైటేస్తే
పొయ్యి గట్టు మీద మా ఊరు కనపడింది.
నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు.
మా చీమకుర్తి రాయి.
మాలకొండయ్య రెండు వేళ్ల గోళ్లు తిన్న రాయి.
చెంప ఆనించినా. చల్లగా ఉండాది.
మేడమ్ వచ్చింది.
రాయిని చూపించి, నన్ను చూపించుకుని,
మళ్లీ రాయిని చూపించినా.
జీతం పెంచమంటున్నాననుకుంది,
వేలు అడ్డంగా ఊపింది. తర్వాత
"ఇటలీ" అంది, రాయిని తట్టి.
అప్పటికి నాకొచ్చిన అరబ్బీ మాటలు పదకొండు.
వాటిల్లో కొండ లేదు.

రెండేళ్లు తుడిచినా దాన్ని,
తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి.
కుదురుకుంటావులే అన్నారు అందరూ.
మూడు నెలలన్నారు, ఆరన్నారు,
రంజాన్ పోయినాక అన్నారు.
తిండి ఒంటబట్టింది, నీళ్లు ఒంటబట్టినాయి,
ఆ గదే ఒంటబట్టలేదు,
తెరవడానికి వీల్లేని కిటికీ ఉన్న గది.
శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తే
మాటలయిపోయినాక కూడా
"పెట్టబాకు, ఆ టిప్పర్ పోనీ" అనేదాన్ని.
సాయంత్రం క్వారీ సైరన్ మోగిందాకా
ఫోను చెవికి ఆనించుకుని ఊరికే ఉండేదాన్ని.

వచ్చిన మర్నాడు టీ కొట్టు దగ్గర
అదే సైరన్ మోగింది.
అందరూ గ్లాసు మీద అరచెయ్యి మూసినారు,
మాట ఆపకండానే.
నేనొక్కదాన్నే మూయలేదు.
పైకి చూస్తా నిలబడినా, చుట్టం మాదిరి.
నా టీలో రాతి పొడి.
తాగినా. పళ్ల కింద కరకర.

మాలకొండయ్య ఏమీ అనడు.
పోబాకు అనడు, పొమ్మనీ అనడు.
ఇంటి అప్పు ఇంకా లక్షా పదివేలుండాది,
అదీ ఏమీ అనదు.
పాలిషింగ్ యూనిట్లో ఊడ్చే పనుండాదంట.
ఆ కూలీనీ ఈ జీతాన్నీ వేళ్ల మీద లెక్కేస్తా,
వేళ్లు చాలవు,
మళ్లీ మొదటికొస్తా.

ఊళ్లో నేను కడుపునిండా మాట్లాడేది జదుమణితో.
ఒరిస్సా పిల్లోడు, కట్టింగ్ మిషన్ కాడ పని.
వాడికి తెలుగు రాదు. "కూర", "లేదు", "రేపు", అంతే.
నాకు హిందీ వచ్చు,
అక్కడ పక్కింటి డ్రైవర్ దగ్గర నేర్చిన హిందీ.
మేం మాట్లాడుకుంటుంటే పెంచలమ్మ
కొంగు నోటికడ్డం పెట్టుకుంటాది.
"ఈ ఊరి నీళ్లకు పప్పు ఉడకదు దీదీ" అంటాడు వాడు.
వాళ్ల నది పేరు చెప్తాడు,
నేను మర్చిపోతా, మళ్లీ చెప్తాడు.
నిన్న అడిగినాడు,
"ఇంటికి ఎప్పుడు పోతావు దీదీ?"
"సోమవారం" అన్నా.

అన్నాక గానీ నాకు వినపడలేదు.
ఇల్లు చేరేదాకా ఆ మాటను బుగ్గన పెట్టుకుని నడిచినా.
మింగనూ లేదు, ఊయనూ లేదు.

మా గడప ముందర పగిలిన పలక ఒకటుండాది.
అదే రాయి, ఎగుమతికి పనికిరాదని పారేసిన ముక్క.
దాని మీదే చేపలు తోముతాది పెంచలమ్మ.
రాత్రి దాన్ని కడిగినా,
తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి.
"దానికంత సేవ ఎందుకు మస్తానమ్మా"
చీకట్లోంచి అన్నాడు మాలకొండయ్య.
ఇన్నాళ్లకు ఏదో అన్నాడు గదా అని
గుడ్డ ఆపి చూసినా.
ఇంకేమీ అనలేదు.

ఈ పొద్దు శుక్రవారం.
పొదిలి ఏజెంటు ఫోన్ మీద ఫోన్.
టీ కొట్టు బల్ల మీద సెల్లు వణుకుతా ఉండాది.
అప్పుడే సైరన్.
ఫోనెత్తుదామని చూస్తే
కుడిచెయ్యి ఖాళీ లేదు,
గ్లాసు మీద ఉండాది.