గడప ఎత్తు

పగలు సర్వే ఆఫీసులో పొలాల గట్లు గీస్తాను.
రాత్రి, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, వంటింటి బల్ల మీద
నేనెన్నడూ ఎక్కని యుద్ధనౌకను గీస్తాను,
తొంభై ఆరడుగులకు ఒక్కడుగు లెక్కన.
సముద్రం ఇక్కడికి నూట యాభై కిలోమీటర్లు.
కిటికీలోంచి వచ్చేది గుజ్జు ఫ్యాక్టరీ గాలి,
తోతాపురి పులిసిన జూన్ నెల గాలి.

ఆ ఓడ ఇప్పుడు లేదు.
ముక్కలు చేసి తూకానికి అమ్మేశారు.
ఏ ఊళ్లో ఏ బొక్కెనకు చెవి అయ్యిందో.
మిగిలినవి కాగితాలు. అవి ఒకదాన్నొకటి ఒప్పుకోవు.
కట్టినవాళ్ల నక్షాలో పొగగొట్టం నిటారు,
ఫొటోలో కాస్త వెనక్కి వాలింది.
ఓడ వాలిందా, కెమెరా పట్టినవాడు వాలాడా?
మరమ్మతు రిజిస్టరులో
"నిచ్చెన మార్చడమైనది" అని ఒక్క ముక్క.
ఏ నిచ్చెనో, ఏ పక్కదో, రాసినవాడికి తెలుసు.
కుడివైపు ఫొటో ఒకే ఒక్కటి దొరికింది.
సరిగ్గా నాక్కావలసిన చోట
ఎవరో చొక్కాలు ఆరేసుకున్నారు.
భూతద్దం పెడితే గుండీలు లెక్కకొచ్చాయి,
వాటి వెనక రివెట్లు రాలేదు.

ఓడలో తలుపు కింద నీళ్లు చొరబడకుండా
ఇనుప గడప ఉంటుంది.
నక్షాలో దాని ఎత్తు పద్దెనిమిది అంగుళాలు.
రిజిస్టరులో పద్నాలుగు.
నా కాగితం మీద ఆ తేడా ఒక్క మిల్లీమీటరు.
"పోనీలేవే, ఎవరు చూడొచ్చారు" అంటుంది అమ్మ.
జానెడు గట్టు కోసం కొడవళ్లు లేచిన ఊళ్ల కొలతలు
పగలంతా మోసేదాన్ని,
నాకు పోనీలే రాదు.

పుత్తూరులో చెంగల్రాయుడు ఉన్నాడని తెలిసింది,
ఆ ఓడ బాయిలర్ల దగ్గర ఆరేళ్లు చేసినవాడు.
ఆదివారం బస్సెక్కాను. సంచిలో టేపు, చుట్టిన నక్షా.
కట్టు కట్టించుకోడానికి వచ్చినవాళ్ల మధ్య దిగి
అడ్రసు అడగబోతే
"చెయ్యా, కాలా?" అన్నాడు ఆటో అతను.
"ఓడ" అన్నాను.

చెంగల్రాయుడు నక్షా వైపు చూడలేదు.
పంచె పైకి లాగినాడు.
మోకాటిచిప్ప కింద, ఎముక మీద
అడ్డంగా తెల్లటి మచ్చ.
"కొలుసుకో మ్మా. నీ గడప ఇదే.
ఇంట్లో మాదిరే, దాన్ని తొక్కకుండా దాటల్ల.
కొత్తల్లో నాకు చాతకాలా."
నేల మీద మోకరించి టేపు పెట్టాను.
మడమ నుంచి పదమూడు. బూటు అడుగు ఒకటి.
పద్నాలుగు!
రిజిస్టరే గెలిచింది.
ఆయన పెట్టించిన కాఫీ
రెండు గుక్కల్లో తాగేసి బయల్దేరాను.

కార్వేటినగరం దాటాక బస్సు గుంతలో పడి ఎగిరింది.
నా పాదాలు రెండూ నేల విడిచాయి.
అప్పుడు తట్టింది.
ఫోన్ చేశాను.
"దెబ్బ తగిలినప్పుడు నడస్తా ఉండారా, పరిగెత్తతా ఉండారా?"
"అర్ధరాత్రి గంట కొట్టినారు గదమ్మా.
నడిచేదానికి అదేమన్నా మాడవీధి అనుకుంటివా?"
"కాలు నేలకి ఎంత ఎత్తులో ఉండె?"
చాలాసేపు ఊపిరి ఒక్కటే వినబడింది.
"అది చూసుకోని ఉంటే
దెబ్బ తగల్దు గదా."

పరిగెత్తేవాడి పాదం నాలుగంగుళాలు పైనుంటే
పద్నాలుగూ నాలుగూ పద్దెనిమిది.
నక్షా నిజమే కావచ్చు.
మూడే పైనుంటే ఇద్దరూ అబద్ధం.
ఒక మనిషి ఎముక మీద రాసిపెట్టుకున్న కొలత కూడా
నేల ఎక్కడుందో చెప్పలేదు.

రాత్రి పదకొండయింది.
మా ఇంటి గడప ముందు చెప్పులు విప్పి
వసారా చివరి నుంచి పరిగెత్తుకొచ్చి దాటుతున్నాను.
తలుపు చెక్క మీద సుద్దగీతలు:
మూడున్నర, అయిదు, నాలుగు, మళ్లీ మూడున్నర.
"పసుపు చెదిరిందో, ఊరుకోను" అంటూనే అమ్మ
టేపు రెండో కొస పట్టుకుని కూచుంది,
కళ్లద్దాలు పెట్టుకుని మరీ.

వట్టి కాళ్లతో ఇది తేలదు.
పక్కింటి ఎన్.సి.సి. పిల్లాణ్ణి
రేపు బూట్లు అడగాలి.